దొరసానిని చూసిన డాక్టరమ్మ

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్ద డాక్టరుగారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా డాక్టరమ్మకు, కుర్చీల్లో కూర్చున్న మిత్రులకు, కుర్చీల కింద పడుకుని ఉన్న మిత్రులకు కూడా నా నమస్కారాలు. (నవ్వులు) నవ్వుతారేమిటి, నిజానికి ఈ సభ వాళ్లది, మనం తోడొచ్చిన వాళ్లం.

నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఈ జంతువుల ఆసుపత్రి గోడను ఆనుకుని ఉన్న టైలరింగు షాపు నాది. గుడ్డ కత్తిరించడం వచ్చుగాని మాట కత్తిరించడం నీకు రాదని మా ఆయన అంటుంటాడు. అదిగో, మూడో వరసలో తలూపుతున్నాడు చూడండి. ఇంటికి రానీ, చెబుతాను. (నవ్వులు)

మా ఇంట్లో ఒక ఆడకుక్క ఉండేది. నడకలో ఆ టెక్కు చూసి వీధి వీధంతా దాన్ని దొరసాని అనేవారు. పగలంతా షాపులో కటింగ్ బల్ల కింద, రాలిన గుడ్డ పీలికల మీద పడుకునేది. నచ్చని కస్టమరొస్తే లేచి అటు తిరిగి పడుకునేది. ఒకరోజు స్నానం చేయిస్తుంటే దాని ముందుకాలి వెనక, పక్కటెముకల మీద నా చేతికి గట్టిగా ఏదో తగిలింది. గోడవతలే కదా అని తడి కుక్కను అలాగే ఇక్కడికి తీసుకొచ్చాను. డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకు పంపించి, ఫలితం వచ్చాక నన్ను కూర్చోబెట్టి, "క్యాన్సరమ్మా. ఆపరేషన్ చేద్దాం. గడ్డ తీస్తాను, మళ్లీ రాదని మాత్రం మాటివ్వలేను" అన్నారు.

ఇక చూడండి, ఆ వార్త వీధిలో పొక్కిందో లేదో, సలహాలు వరద కట్టాయి. ఒకరు పసుపు ముద్ద అన్నారు, ఒకరు పుట్టగొడుగుల పొడి అన్నారు, చేపనూనె అన్నారు, పచ్చి మాంసమే పెట్టమన్నారు, అసలు మాంసమే ముట్టించొద్దన్నారు. నేను అన్నీ సంచిలో వేసుకొచ్చి డాక్టరమ్మ బల్ల మీద కుమ్మరించాను. వేరే డాక్టరైతే సంచితో సహా నన్ను బయటికి పంపేవారే. ఈవిడ ఒక్కో సీసా మూత తీసి వాసన చూసి, కొంచెం వేలికి రాసుకుని నాలిక మీద పెట్టుకున్నారు! నేను నోరు వెళ్లబెట్టి చూస్తుంటే, "నేను నోట్లో పెట్టుకోలేనిది దాని నోట్లో ఎలా పెడతాను?" అన్నారు. కొన్ని పక్కన పడేశారు. కొన్ని ఉంచి, "ఇవి జబ్బును తగ్గిస్తాయని నేను చెప్పను. ఆకలి పుట్టిస్తే, ఒంటికి కాస్త సుఖమిస్తే అదే పదివేలు. చేపనూనె చిన్న చెంచా, పసుపు చిటికెడు, అంతకు మించొద్దు" అన్నారు. నేను తు.చ. తప్పకుండా అలాగే పెట్టాను. ఒట్టు.

మా ఇంట్లో మాత్రం దీనికి ఒక్కరి మద్దతూ లేదు. మా ఆయనేమో, "అంతా బోగస్, సీసాలు అమ్ముకునే వాళ్ల మాయ" అని కొట్టిపారేశాడు. మా అత్తగారి సంగతి సరేసరి. "మనుషులకే దిక్కులేదు, కుక్కకు టానిక్కులా?" అని మూతి తిప్పుకుంది. ఆవిడ దొరసానిని ఏనాడూ చేత్తో తాకిన మనిషి కాదు. అది ఎదురొస్తే చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకునేది.

ఆపరేషన్ రోజు వచ్చింది. అందరం వచ్చాం. అత్తయ్య కూడా, ఊరికే గాలికి వచ్చానంటూ. డాక్టరమ్మ దొరసాని పొట్ట మీద వెంట్రుకలు పక్కకు తీసి చూసి ఆగిపోయారు. చర్మం మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు. వంగి దాని నోటి దగ్గర వాసన చూశారు. "ఇది చిన్న చెంచా తాగిన నోరు కాదమ్మా. ఇంట్లో ఇంకెవరు పోస్తున్నారు?" అన్నారు. ఇంకెవరూ లేరండీ అన్నాను, ఘంటాపథంగా. మా ఆయన ఫ్యాను వంక చూడటం మొదలెట్టాడు. అది తిరగడం కూడా లేదు. (నవ్వులు) కాసేపటికి నసిగాడు, "నేను పొద్దున వాకింగుకి తీసుకెళ్లినప్పుడు... కొంచెం... పసుపు కూడా..." అని. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపు వెనకనుంచి అత్తయ్య గొంతు, "వాడు కూడా పోస్తున్నాడని నాకేం తెలుసే! చెప్పి చావొచ్చు కదరా!" (పెద్దగా నవ్వులు)

ఇప్పుడు నవ్వొస్తోంది గాని ఆ రోజు అది నవ్వే సంగతి కాదండి. నూనె, పసుపు అంతంత పడితే రక్తం పలచబడుతుందట. చూడకుండా కత్తి పెట్టి ఉంటే రక్తం ఆగడం కష్టమయ్యేదట. డాక్టరమ్మ కేకలు వేస్తారనుకున్నాం. ఆవిడ మా ముగ్గురినీ ఒకసారి చూసి, "ప్రేమను కాస్త బయటికి పెట్టుకోండమ్మా, డోసు సరిచూసుకోవచ్చు" అన్నారు. అంతే. అన్నీ ఆపించి, మచ్చలు తగ్గి, రక్తపరీక్ష బాగుందన్నాకే ఆపరేషన్ చేశారు. ఆ సాయంత్రం అత్తయ్య మత్తులో ఉన్న కుక్క పక్కన చాప వేసుకుని, చీర కుచ్చెళ్ల మీద దాని మూతి ఆనించుకుని కూర్చుంది. ఆవిడ కోడలిగా ఇన్నేళ్లు కాపురం చేశాను. ఆ మనిషి లోపల ఇంత ఉందని నాకప్పటిదాకా తెలియదు. గుమ్మంలోనే నిలబడిపోయాను.

కొన్నాళ్లు దొరసాని మళ్లీ దొరసానిలాగే తిరిగింది. తర్వాత దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. నయం చేయడం ఇక నా చేతిలో లేదు. ఉన్నన్నాళ్లూ దానికి బతుకు మీద విసుగు పుట్టకుండా చూడటం మన చేతిలో ఉంది" అన్నారు. నొప్పికి మాత్రలు మానకుండానే, సన్నటి సూదులు గుచ్చే వైద్యం కూడా మొదలుపెట్టారు. మొదటి సూదికే మా ఆయన గోడ పట్టుకుని కూలబడ్డాడు. దొరసాని మాత్రం వీపునిండా సూదులతో, ఒక్కొక్క కాలే సాగదీసి, గుర్రుపెట్టి నిద్రపోయింది. అంతకు ముందు దగ్గుతో కంటి మీద కునుకు లేని ప్రాణి! ఆ గుర్రు వింటుంటే నా ఒళ్లు గగుర్పొడిచింది. అది సూది మహిమో, మాత్ర మహిమో, ఆ చేతి మహిమో చెప్పండని అడిగితే, "నాకూ తెలియదమ్మా, నిద్రపోతోంది కదా, మెల్లగా మాట్లాడు" అన్నారు. ఇంత చదువు చదివిన మనిషి తెలియదనే మాటను అంత హాయిగా అనడం నేను మొదటిసారి విన్నాను. ఆ ఆశ్చర్యం నాకింకా తీరలేదు.

దొరసాని ఒక ఉదయం షాపులోనే, గుడ్డ పీలికల మీద, అత్తయ్య పాదం మీద తల పెట్టుకుని వెళ్లిపోయింది. డాక్టరమ్మ వచ్చేదాకా అత్తయ్య ఆ కాలు కదపలేదు. ఆవిడ రాగానే, "నొప్పి లేకుండానే పోయిందా?" అని అడిగింది. అవునంటే ఏం పోయింది చెప్పండి? ఎవరైనా అదే అంటారు. డాక్టరమ్మ మాత్రం కింద కూర్చుని, "అస్సలు లేకుండా అని చెప్పలేనమ్మా. భయం లేకుండా పోయింది. అది మాత్రం చూస్తే తెలుస్తోంది" అన్నారు. అత్తయ్య అప్పుడు ఏడ్చింది. మామయ్య పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

అధ్యక్షులవారు వాచీ చూస్తున్నారు, అయిపోవచ్చిందండీ. ఒక్క మాట మిగిలింది, అది నాది కాదు. మా అత్తయ్యది. ఈ మధ్య ఆవిడకీ అదే జబ్బని తేలింది. పెద్దాసుపత్రిలో చూపిస్తున్నాం, మందులు వాడుతున్నాం. అక్కడి వాళ్లు, మేము, చుట్టాలు, అందరం కలిసి "ఏం కాదు, ఏం కాదు" అంటున్నాం. మొన్న విసుక్కుంది. "మీరంతా అబద్ధాలకోర్లే. ఆ కుక్క డాక్టరమ్మకు రేపట్నుంచి ఖాళీయే కదా, మైకులో అడుగు, అందరి ముందూ అడిగితే కాదనదు. నా జబ్బు ఆవిడ చదువులో లేకపోతే లేకపోయింది. అప్పుడప్పుడూ వచ్చి నా పక్కన కూర్చుని, తెలిసింది తెలిసిందని, తెలియంది తెలియదని చెబితే చాలు" అంది.

అడిగేశాను డాక్టరమ్మా. జవాబు నాకు చెప్పకండి. ఆఖరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది, ఆవిడకే... అయ్యో, ఇప్పుడేనా? సభ అయ్యాక వెళ్లొచ్చు కదండీ... సరే, వెళ్లండి, వెళ్లండి. మెట్టు దగ్గర మైకు వైరుంది, చూసుకోండి. బాబూ, కాస్త దారివ్వండి ఆవిడకి.

ఇక నేను చెప్పేదేం లేదు. మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.