బావ చెయ్యి పెడితే డిగ్రీ తప్పదు

నా బొప్పాయి లోడు షెడ్డులో దిగి ఉంది. వానకి తడిసిన కాయ. ఇవాళే వేడినీళ్ళలో ముంచి తియ్యకపోతే రేపటికి మచ్చ లేస్తుంది, ఎల్లుండికి బూజు పట్టి కుళ్ళిపోతుంది. ఆ నీళ్ళ వేడి కాస్త తగ్గితే బూజు చావదు, కాస్త పెరిగితే కాయే ఉడికిపోతుంది. వేడి చూసే థర్మామీటరేమో పొద్దున్నే పగిలింది. ఆ వేడినీళ్ళ ట్యాంకు చూసుకునేది మా బావ. పక్క షెడ్డులో ఒకటుంది, అడిగి తీసుకురా బావా అంటే, తిన్నగా వచ్చి టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. బావ పనిచేసే షెడ్డులోనే కాయలు ఏరే మా అక్క బల్లకి ఆ చివర కూర్చుని కాళ్ళు నొక్కుకుంటోంది.

"థర్మామీటరు నాకెందుకురా? ఈ చెయ్యి చూడు. మోచేతి దాకా ముంచానంటే డిగ్రీ చెప్పేస్తా. పనిలో చేరిన కొత్తలో ఒక బుట్ట మామిడి, అందరూ పారెయ్యమన్నారు, నేను మాత్రం నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి, సరే అనుకుని ముంచి తీశా. వారం దాకా మచ్చ లేదు."

"వారమంటే నమ్మొచ్చు," అన్నాడు టీకొట్టతను గ్లాసులు కడుగుతూ.

"వారమేంటయ్యా, నువ్వు నమ్మవని తగ్గించి చెప్పా. ఏడాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి రేవు దాకా పోయింది. ఓడ నిండా మామిడి, నడిసముద్రంలో బూజు మొదలైంది. కెప్టెన్ నాకు ఫోన్ చేసి ఒకటే ఏడుపు. సరే, పడవేసుకుని వెళ్ళా. అంత సరుక్కి ట్యాంకెక్కడిది? ఇంజన్‌లో వేడంతా సముద్రంలోకి వదలమన్నా. నేను ఓడ అంచున వేలాడుతూ, నీళ్ళలో చెయ్యి పెట్టి, ఇంకాస్త, ఇంకాస్త, ఆ ఇక చాలు అన్నా. ఓడని ముంచి తీశాం."

"ఓడనే?"

"ఓడనే. కెప్టెన్‌తో సహా. పాపం ఆయనకి ఎన్నాళ్ళ నుంచో కాలివేళ్ళ మధ్య పాసిపోయి దురద. అదీ బూజు జాతేగా, ఆ దెబ్బతో పోయింది."

"మరి కాయలు?"

"ఇంకా ఉన్నాయి. మూడు తరాలవాళ్ళు తిన్నారు, అయిపోతేనా? కుళ్ళితే కదా కొత్తవి కొనేది, వ్యాపారులు లబోదిబోమన్నారు. చివరికి బూజే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. అయ్యా, పిల్లలు గలదాన్ని, నీ చెయ్యి తగలని చోటు ఒక్కటి చూపించు అంది. పోనీలే అని పక్క షెడ్డు చూపించా."

టీకొట్టతను నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేదు. ఈ సముద్రాలూ ఓడలూ అన్నీ ఆ పక్క షెడ్డు గడప తొక్కకుండా ఉండటానికేనని అర్థమైంది. అక్కడివాళ్ళని ఊరంతా తిరిగి ఆడిపోసుకున్న నోరు, ఇప్పుడు వెళ్ళి ఏమని అడుగుతుంది?

"బావా, నాకున్నది ఈ ఒక్క కోతే. ఇది పోతే మళ్ళీ తోట వెయ్యలేను. నిజం చెప్పు, నీ చేతికి వేడి తెలుస్తుందా?"

"తెలుస్తుందిరా. డిగ్రీ తప్పదు."

అక్క కాళ్ళు నొక్కుకోవడం ఆపింది.

"తమ్ముడూ, ఇంట్లో స్నానానికి నీళ్ళు కాగాయో లేదో చూడమని రోజూ నన్నే పిలుస్తాడు. ట్యాంకులో పెట్టీ పెట్టీ ఆ చేతికి వేడి తెలియడం ఎప్పుడో పోయింది. మొన్న సలసల కాగే నీళ్ళు నెత్తిన పోసుకోబోతే నేనే చెంబు లాక్కున్నా."

నాకు బావ మీద కోపం రావాలి, జాలేసింది. ఆయన ఆ చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"అది ఇంట్లో నీళ్ళ సంగతే," అన్నాడు మెల్లగా.

"సరే, ఇంట్లో నీళ్ళే," అన్నాను. "లే, నేనూ వస్తా. థర్మామీటరు నేనడుగుతా, నువ్వు నోరు మూసుకుని నా పక్కన నిలబడు చాలు."

"ఓడ సంగతి కూడా చెప్పొద్దా?"

"వాళ్ళు థర్మామీటరు చేతికిచ్చాక చెప్పుకో," అంది అక్క.