ఏ తీర్పూ చెల్లదు

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి మిగలకూడదు. ఎన్నిసార్లు చెప్పాలి లిమాన్?"

పార్లమెంటు వెనకాల రేకుల గది. మధ్యాహ్నం సభకి ఇంకా గంట కొట్టలేదు. న్యాయమంత్రి జోర్లాంగ్ నిలబడి ఉన్నాడు. ఆ దీవుల దేశం మొత్తానికీ చట్టం రాయడం వచ్చిన ఒకే ఒక్క మనిషి లిమాన్ మాత్రం కూర్చునే ఉంది. మంత్రులొస్తే లేచే అలవాటు ఆవిడ ఎప్పుడో మానుకుంది.

"చెప్పడం కాదు మంత్రిగారూ, రాసి సంతకం పెట్టండి. మీ మాట కాగితం మీద లేనిదే నా కలం కదలదు. మా పనిలో పద్ధతది."

"పద్ధతులట పద్ధతులు! ఇదిగో, పెట్టాను. చదువు."

"'జడ్జి ఎసెతా ఈ దేశంలో అడుగుపెట్టిన నాటినుంచి ఇచ్చిన ఏ తీర్పూ చెల్లదు. అసలు ఇవ్వనట్టే లెక్క.' తొమ్మిదేళ్ళ తీర్పులండీ ఇవి."

"తొంభై ఏళ్ళవైతే నాకేం? జడ్జమ్మ ఆనవాలే ఉండదని పొద్దున రేడియోలో చెప్పేశాను. దేశమంతా విన్నది."

"నేనూ విన్నాను. వింటూ సీమపనసకాయ మాడ్చేశాను."

"ఎక్కణ్ణించో విమానమెక్కి వచ్చిన మనిషి నా చట్టాన్ని కొట్టేస్తుందా? ఓట్లు నాకేశారా, ఆవిడకేశారా?"

"మీకే వేశారు. మా పగడపు దిబ్బ తవ్వి ఇసక అమ్ముకోమని మాత్రం వెయ్యలేదు."

"అదిగో! మీ దిబ్బ!"

"మాదే. మా అమ్మమ్మల నాటినుంచీ మా ఆడవాళ్ళది. మేం ఒప్పుకోకుండా ఇసక కంపెనీకి ఇవ్వకూడదంది జడ్జమ్మ. అంతేగా ఆవిడ చేసిన నేరం?"

"అందుకే నీతో రాయించొద్దనుకున్నాను. మన మధ్య ఉన్నది మనసులో పెట్టుకుని..."

"మన మధ్య ఏముంది? బల్ల ఉంది."

"లిమాన్!"

"బల్లే కదా."

"నిన్ను వదిలించుకుని మూడేళ్ళయినా ఆ నోరు మాత్రం మారలేదు. రోసిటాని కట్టుకున్నాక చూడు, ఒక్కనాడు నాకెదురు చెప్పలేదు."

"పాపం చిన్నపిల్ల. మీరు మాట్లాడేదంతా ఇంకా వింటోందేమో."

"రాస్తావా, రాయవా?"

"రాసేశాను. ఒక్క వాక్యానికి ఎంతసేపు? కాకపోతే, దిబ్బ తీర్పొక్కటే కొట్టేసి ఊరుకుంటే..."

"సలహా అడిగానా?"

"అడగలేదు."

"నువ్వు గుమాస్తావి. చట్టం నేను. ఆ కోర్టు గోడకి సున్నం కొట్టాలన్నా నా సంతకం కావాలి. అదొక కోర్టు, ఆవిడొక జడ్జి!"

"సరే. కొట్టేసిన తీర్పుల జాబితా వెనక అతికించాను. నాలుగు వందల పన్నెండు. సభలో మీరే చదవాలి, రేడియోలో వస్తుంది."

"చదువుతాను. దానికేం?"

"మూడు వందల ఎనిమిదోది ఒకసారి చూసుకోండి."

"ఏముందందులో? ఏదో భూమి తగాదా అయ్యుంటుంది."

"విడాకులు."

"ఎవరివో విడాకులైతే నాకేం?"

"చూడండి."

"మూడు వందల ఆరు, ఏడు... ఎనిమిది..."

"కళ్ళజోడు కావాలా?"

"ఇది... ఇది మనది."

"మనదే. ఆవిడే ఇచ్చింది. ఈ దేశానికి ఇంకో జడ్జి ఎవరున్నారు గనక?"

"ఈ ఒక్కటీ తీసెయ్."

"తీసేస్తాను. 'మంత్రిగారి విడాకులు తప్ప' అని రాయనా? గట్టిగా చదవాలి మరి. జడ్జమ్మ తీర్పులన్నీ చెత్త, నాకు పనికొచ్చింది మాత్రం బంగారమని."

"వేళాకోళం ఆపు. ఇప్పుడు... ఇప్పుడు బిల్లు వెనక్కి తీసుకుంటే?"

"దిబ్బ మా ఆడవాళ్ళది. మీరు రోసిటా మొగుడు."

"తీసుకోకపోతే?"

"దిబ్బ కంపెనీది. మీరేమో... అదిగో, గంట కొడుతున్నారు. ఏం చేద్దామంటారు, ఏమండీ?"