ముప్పై ఎనిమిది

ఆ నోట్లో పైపు కొరక్కండి బావగారూ! ఎన్నిసార్లు చెప్పాలి? మీరు కొరికినప్పుడల్లా మిషను కుయ్యోమంటుంది, నర్సమ్మ పరిగెత్తుకొచ్చి నావంక అనుమానంగా చూస్తుంది. మీకు కావలసిందీ అదేగా!

చేతులు గుంజకండి. పైపు పీకేస్తారనే కట్టేశాం. నలభై ఏళ్ళు మీరు మాట్లాడారు, ఈ అరగంట నేను మాట్లాడతాను. మిషను సాయం తగ్గించాను. మీ అంతట మీరు ఊపిరి తియ్యాలి, నేను లెక్కపెట్టాలి. బాగా తీస్తే పైపు తీసేస్తాం. లేకపోతే లేదు.

ఈ పనికే కదా మీరు నవ్వింది? మా అమ్మాయి పెళ్ళిలో, వియ్యంకుడి ముందు, "మా బావమరిది ఆస్పత్రిలో గాలి కొడతాడండీ, సైకిలు షాపు పెట్టుకున్నా గౌరవంగా ఉండేది" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు, అది వేరే సంగతి.

నేను కాలేజీలో చేరిన రోజుల్లో ఈ మిషన్లు ఇలా ఉండేవా? నల్ల రబ్బరు తిత్తి ఒకటి పైకీ కిందకీ ఆడేది, అచ్చం కొలిమి తిత్తిలాగా. కరెంటు పోతే చేత్తో గాలి సంచీ నొక్కేవాళ్ళం. ఒక పంతులమ్మగారికి నాలుగు గంటలు నొక్కాను. తర్వాత రెండ్రోజులు చెంచా ఎత్తలేకపోయాను. ఆవిడ బతికింది. సరే, ఎక్కడున్నాం?

ఆఁ, నిన్న. నిన్నా ఇదే పరీక్ష. నిమిషానికి ఇరవై రెండు ఊపిర్లు, హాయిగా. ఇక పైపు తీసేద్దామని చేతి కట్లు విప్పితే, పెన్సిలు కావాలని సైగ చేశారు. సంతోషించాను కూడా! అక్కని పిలవమంటారేమో అనుకున్నాను. ఏం రాశారు?

"వీడొద్దు. అసలు డాక్టర్ని పిలవండి."

ఇదిగో, ఆ కాగితం నా జేబులోనే ఉంది.

దాన్ని మడిచి పెట్టుకుని, చార్టులో ముప్పై ఎనిమిది అని రాశాను. ఏమిటా కళ్ళు? అవును, ఇరవై రెండుని ముప్పై ఎనిమిది చేశాను! డాక్టరు చూసి "ఆయాసం ఎక్కువుంది, ఇంకో రోజు ఉంచుదాం" అన్నాడు. నేను వేసిన అంకెని ఈ ఆస్పత్రిలో ఎవరూ రెండోసారి చూడరు. నన్ను నమ్మనిది మీరొక్కరే.

ఒక్కరోజు నోరు మూసుకుని పడుంటే ఈయనకేం పోతుంది అనుకున్నాను. పైపు ఉన్నకొద్దీ ఊపిరితిత్తుల్లో చీము చేరుతుందని కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది నేనే! తెల్లారేసరికి మీకు జ్వరం. ఇందాక పైపులోంచి లాగితే పచ్చటి కఫం.

ఆగండాగండి, అలా ఎగశ్వాస పెట్టకండి. ముప్పై నాలుగు... ముప్పై ఏడు...

ముప్పై ఎనిమిది. చూశారా? నిన్న నేను రాసిన అబద్ధాన్ని ఇవాళ మీరు నిజం చేశారు.

బయట అక్క మీ కళ్ళజోడు తుడుస్తూ కూర్చుంది. "తమ్ముడూ, ఇవాళ తీసేస్తావుగా?" అంది.

ఇదిగో, కుడిచెయ్యి విప్పాను. పెన్సిలు. అదే కాగితం, వెనకవైపు ఖాళీయే. నేను చేసింది రాయండి, మీ అసలు డాక్టరుకి నేనే తీసుకెళ్ళి ఇస్తాను. రాయరేం? పట్టు చిక్కడం లేదా? పోనీండి, తర్వాత రాద్దురుగాని.

మిషను మళ్ళీ పూర్తిగా పెడుతున్నా. పీల్చండి. గాలి కొట్టడమేగా నా పని. కొడుతున్నా.