పసుపు పెట్టిన కార్డు

నువ్వు చెప్పినట్లే పెట్టినా గదప్పా వేణూ! కంప్యూటర్లో, తెర మింద బొమ్మ చూపించే ఆ పాత కార్డు పీకి, కొత్తది ఆ సందులో కూచోబెట్టి, టక్కుమనేదాకా ఒత్తినా. ఫ్యాను తిరుగుతాది, తెర మాత్రం నల్లగానే ఉండాది. కుయ్ కుయ్‌మని మూడుసార్లు అరిచి ఊరుకుంటాది. నీ అంగట్లో కొన్న కార్డే కదా? వారం కాలేదు!

ధర్మవరం నుంచి ఈ డబ్బాను ఒళ్లోనే పెట్టుకోని వచ్చినా రైల్లో. పెనుకొండలో ఎక్కినోడు ఎవరో, కింద పెట్టప్పా, కాళ్లు తిమ్మిరెక్కవా అన్న్యాడు. పెట్టలేదు. ఇది నా పెండ్లాం పుష్పది. పోయి మూడు నెలలాయె. కామెర్లు... పదకొండు దినాల్లో అయిపాయె.

ఊ, ఇప్పు. ఇప్పి చూడు.

దీంట్లో ఆమె గీసిన చీరల అంచులన్నీ ఉండాయి. ఒకటి సగంలో నిలిచిపాయె. చిలకలు, నడుమ జాజిమొగ్గలు. రెండో చిలకకు ముక్కు గీయలేదు. ఆ అంచు పూర్తిచేసి ఒక్క చీరైనా నేసి చూడల్లప్పా. అంతే, ఇంకేం వద్దు నాకు.

ఏందీ? ఆ పచ్చగా ఉండేదా? పసుపు. ఇంట్లోకి కొత్తది ఏం వచ్చినా పసుపు కుంకుమ పెట్టందే ముట్టనిచ్చేది కాదు ఆమె. మిక్సీకి పెట్టె, ఈ కంప్యూటరు వచ్చిన పొద్దు దీనికీ పెట్టె. ఇప్పుడు ఎవరు పెడతారు? నేనే నీళ్లల్లో తడిపి పెట్టినా. కార్డు అంచున దువ్వెన పండ్ల మాదిరి ఆ బంగారు గీతలు మెరుస్తాంటే, ఆడే బాగుంటాదని వరసగా పూసినా.

నవ్వొద్దబ్బా! ఆడ పూయకూడదని ఎవరు చెప్పినారు నాకు?

రబ్బరుతో రుద్దితే పోతాదా? రుద్దు, రుద్దు. మెల్లగా.

ఏం చేస్తాండావు? సంచిలోంచి ఆ పాత కార్డు ఎందుకు తీస్తావు? నువ్వు తెమ్మంటివని తెచ్చినా గానీ, అది చెడిపోయిందప్పా, ఆ పొద్దే చెప్తి గదా. దాన్ని పెట్టి చూసేదేముంది? వద్దంటాంటే వినవేమి!

వెలిగిందా.

అట్ల చూడొద్దు వేణూ. అది బాగుండాదని నాకు తెలుసు.

ముప్పై ఏండ్లు గళ్ల కాగితం మింద అంచులు గీసినోన్ని నేను. ఒక్కోటి నెల పట్టేది. పుష్ప ఈ కంప్యూటరు నేర్చుకోని వచ్చి మూడు దినాల్లో గీసి పెట్టేది. షావుకార్లు ఇంటికొచ్చి, మార్కండేయులూ, పుష్పక్క గీసింది చూపీ అంటాండిరి. నా మొగం ముందరే! కడుపు మండిపాయె నాకు.

ఒక పొద్దు ఆమె కొళాయి కాడికి పోయింటే, మూత ఇప్పి ఆ కార్డును రవ్వంత పైకి లేపినా. అంతే. విరగ్గొట్టలేదు. రెండు దినాలు అట్లుండనీ, మళ్లా ఒత్తుదాం అనుకుంటి. ఆమె వచ్చి మీట నొక్కె. తెర నల్లగా. "ఏమయ్యా, దీని మింద చెయ్యేమన్నా పెడితివా?" అనింది. లేదే అంటి. కార్డు పోయినట్లుండాది, కొత్తది తెద్దాం లే అంటి.

నమ్మింది. అలగను కూడా అలగలేదు. నా పక్కన కూచోని, నా గళ్ల కాగితంలో రంగులు నింపిందప్పా! పెండ్లైన కొత్తలో మాదిరి ఉండె నాకు. అందుకే కార్డు మళ్లా ఒత్తలేదు. ఈ పొద్దు, రేపు అని నెలన్నర జరిపినా. అంతలోకే కామెర్లు.

ఆస్పత్రిలో కూడా, "కార్డు తెస్తివా? చిలకకు ముక్కు గీయల్ల," అనింది. తెస్తా అంటి. అప్పుడైనా నిజం చెప్పింటే తిట్టేది. ఆ నాలుగు తిట్లు తినింటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఏ కార్డు పెట్టాలంటావా? కొత్తదే పెట్టప్పా, తెస్తానని మాటిచ్చినా గదా. ఆ పసుపు అంతా తుడవొద్దు. పనికి అడ్డం రాని తావున కొంచెం ఉండనీ.

వచ్చిందా? అదే, అదే అంచు. చూస్తివా, రెండో చిలక అట్లే ఉండాది.

ఏందీ, మౌసు నాకిస్తావా? నాకెట్ల వస్తాదప్పా దీంట్లో గీసేది? నేర్పిస్తా, నా పక్కన కూచో అని ఎన్నిసార్లు పిలిచిందో. ఒక్కపొద్దు కూడా కూచోలేదు నేను.