మిషను దాచుకోని అడ్రసు

కొన్న వస్తువులు తిరిగి తీసుకునే కౌంటరు దగ్గర ఒక ముసలావిడ గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా కౌంటరు అమ్మాయి.

“ఈసారి గొడుగా, బామ్మగారూ? మొన్న దుప్పటి, అంతకు ముందు టేబుల్ లైటు.”

“తెరిస్తే మూతపడట్లేదమ్మా. అచ్చం నా నోరే.”

“బిల్లు?”

“ఎక్కడో పారేసుకున్నా.”

“బిల్లు లేకపోతే మీ డ్రైవింగ్ లైసెన్సు స్కాన్ చెయ్యాలి.”

“చెయ్యి, చెయ్యి. ఫోటో చూసి జడుసుకోకు. అందులో రాసిన ఎత్తు నమ్మకు, ఎత్తు మడమల చెప్పులేసుకుని కొలిపించుకున్నా.”

“భయపడకండి, అవన్నీ ఎవరూ చూడరు. మీ వివరాలు వేరే పనికి వాడకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. గడువవగానే చెరిపేయాలి. రూలు.”

“చెరిపేస్తారా?”

“పూర్తిగా.”

“ఎవరైనా వచ్చి, ఫలానావిడ ఎక్కడుంటుందని అడిగితే?”

“చచ్చినా చెప్పం. నిశ్చింతగా ఉండండి.”

“నిశ్చింతా నా బొందా.”

“ఏమైంది?”

“ఏం లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ లైటూ దుప్పటీ బంగారంలా ఉన్నాయి.”

“మరెందుకు తిరిగిచ్చారు?”

“నా అడ్రసు మీ మిషన్లో పడుతుందని. మా చెల్లెలు ఈ కొట్టుకొస్తుందట, పక్కింటావిడ చూసింది. అదెప్పుడైనా లైసెన్సు పెడితే, మా ఇద్దరి ముక్కూ ఒకటే కదా, మిషనే పోల్చుకుని ‘మీ అక్క ఫలానా చోట ఉంది’ అంటుందనుకున్నా. నవ్వుకో, ఫరవాలేదు.”

“నవ్వట్లేదు. ఫోన్ చెయ్యొచ్చుగా?”

“ఏ నంబరుకి? అమ్మ ఇల్లు ఖాళీ చేసిన రోజు, గోడ అద్దం నాదంటే నాదని విడిపోయాం. అది ఇల్లు మారింది, నేనూ మారా. అద్దం మాత్రం గెలుచుకొచ్చా. ఇప్పుడు రోజూ అందులో దాని ముక్కే.”

“అయ్యో.”

“తల్లీ, దాని అడ్రసు ఒక్కటి చూసి పెట్టు.”

“కుదరదమ్మా. ఆవిడది మీకు చెప్పను, మీది ఆవిడకీ చెప్పను. ఉద్యోగం పోతుంది.”

“వద్దులే. మిషనుతో కబురు పంపిన పిచ్చిదాన్ని, నీ ఉద్యోగం కూడా మింగుతానా. ఆ గొడుగు ఇటియ్యి, ఉంచుకుంటా.”

“బామ్మగారూ.”

“ఊఁ.”

“రూలు మిషన్లో ఉన్నదానికే. నా చెవిన పడ్డదానికి లేదు.”

“అంటే?”

“మంగళవారాలు పొద్దున్నే ఒకావిడ వస్తుంది. ఆవిడకి వాళ్ళక్క అడ్రసు కావాలట. కుదరదని నేనే పంపేస్తున్నా.”