గాజుల పానకాలు గోడమీద రెండు పెట్టెలు

గాజుల పానకాలు అని ఉండేవాడంట, ఈదరపాడులో. ఉండేవాడేందిలే, ఇప్పటికీ ఉన్నాడు, గుండ్రాయిలాగా ఉన్నాడు. ఆయన పనేందంటే ఊరూరా తిరిగి ఆడోళ్లకి గాజులు ఎయ్యటం. పెళ్లికూతుర్ని చేసేకాడ, శ్రీమంతాలకాడ, యాడ పదిమంది ఆడోళ్లు చేరితే ఆడ పానకాలు ఉండాల్సిందే. ఆయన గొప్పేందంటే, చెయ్యి కొలవడు. వస్తన్న మనిషిని వాకిట్లో చూసి, 'నీకు ఈ సైజమ్మా' అని తీసి పెడతాడు, అది ఆ చేతికి పట్టి తీరుద్ది. నాకూ ఏశాడు ఒకసారి. నేను సిగ్గుపడి చిన్న సైజు అడిగితే, 'అత్తా, చెయ్యి చూసి గాజు ఎంచాలగానీ, గాజు చూసుకుని చెయ్యి తగ్గిచ్చుకోలేం' అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తది. ఏమే రవణమ్మా, మిరపకాయల ముచ్చికలు తీస్తా విను, చేతులు ఆపమాక. అట్టాంటి పానకాలు కారు కొన్నాడంట. నవ్వకండి. స్కూటరు మీద పెట్టె కట్టుకుని పోతంటే మన రోడ్ల గుంతలకి సగం గాజులు ముక్కలైపోతన్నయ్యి. ఒకళ్లు చెప్పారంట, కరెంటు కారైతే సప్పుడుండదు, మెత్తగా పోద్ది అని. సరే, ఉన్నదీ లేనిదీ ఊడ్చి ఒక చిన్న తెల్ల కారు మాట్లాడుకున్నాడు.

కారు తెస్తే సరిపోయిందా? మన బర్రెకి కుడితి తొట్టి ఉన్నట్టు దానికీ ఇంటికాడ ఒక ఏర్పాటు ఉండాల గదా. కారు అమ్మినాయన అడిగాడంట, 'పానకాలు గారూ, మీ ఇంటికాడ చార్జరు ఏది పెట్టిచ్చుకుంటారు? మూడు రకాలున్నయ్యి. కారుతో పాటు ఈ వైరు మేమే ఇస్తన్నాం, దీన్ని లావు ప్లగ్గులో గుచ్చితే రాత్రంతా నిదానంగా ఎక్కుద్ది. అది కాదంటే గోడకి బిగిచ్చుకునే పెట్టె ఉంది, అది కొంచెం జోరు. దానికన్నా పెద్దది ఉంది, అది మీ పొలంలో మోటారుకి మల్లే మూడు ఫేజుల కరెంటు ఉంటేనే నడుస్తది' అని. ఈయన 'ఆలోచిచ్చి చెప్తా' అన్నాడంట. మగోళ్లు బయట 'ఆలోచిచ్చి చెప్తా' అంటారు చూశారా, ఇంటికిపోయి పెళ్లాన్ని అడిగి చెప్తా అని దానర్థం.

ఆ పెళ్లాం నాంచారమ్మ. మంచి పనిమంతురాలు. ఊళ్లో ఏ శుభకార్యమైనా పిండి ఆమె పంచలోనే రుబ్బాల, అంత పెద్ద గ్రైండరు ఉంది. దానికోసం పంచలో లావు ప్లగ్గు పెట్టిచ్చి, గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు కూడా దిట్టంగా పాతిచ్చుకుంది. అన్నీ ఉన్నయ్యిగానీ ఆమెకి ఒకటే దిగులు. ఒక అన్న, ఒక తమ్ముడు ఉన్నారు ఆమెకి. అన్న రాఘవులు, రైసుమిల్లు ఉంది. తమ్ముడు ఏడుకొండలు, టౌన్లో కరెంటు సామాన్ల షాపు. ఇద్దరూ మంచోళ్లే, విడివిడిగా. ఏమైందంటే, ఏనాడో ఒక పెళ్లిలో ఇద్దరూ ఒకే బంతిలో కూకున్నారంట. వడ్డిచ్చేవాడు నెయ్యి ఏస్తా ఏస్తా తమ్ముడికి ఏశాడు, అన్న కాడికి వచ్చేసరికి గిన్నెలో నెయ్యి అయిపోయింది. తెస్తానని పోయినోడు రాలా. 'అన్నకి నెయ్యి పడకుండా నువ్వెట్టా కలుపుకున్నావురా' అని రాఘవులు, 'నేనేమన్నా అడిగి పోయిచ్చుకున్నానా' అని ఏడుకొండలు. మాటా మాటా పెరిగి ఇద్దరూ ఇస్తళ్లు వదిలేసి లేచారంట. లేచినోళ్లు మళ్లీ ఒక బంతిలో కూకోలా. నెయ్యి చుక్కకోసం ఇంటి పరువంతా పారబోసుకున్నారు. నవ్వుతన్నారుగానీ, మీ ఇళ్లల్లో పోట్లాటలు ఇంతకన్నా పెద్దయ్యా? ఇప్పుడేమో రాఘవులు కూతురికి శ్రీమంతం దగ్గరికొచ్చింది. సొంత బాబాయి రాకుండా ఆ పిల్ల చేతులకి గాజులెట్టా ఏస్తారు అని నాంచారమ్మ ఏడుపు. మొగుడే గాజులేసేవాడాయె.

సరే, కారు వస్తందన్న కబురు ఇద్దరికీ పోయింది. ఆడపిల్ల ఇంటికి కొత్త వస్తువొస్తే పుట్టింటోళ్లు ఏదో ఒకటి పెట్టాల గదా. బర్రెను కొంటే పలుపన్నా పెడతారు. రాఘవులు అన్నాడంట, 'నా మిల్లులో మూడు ఫేజులు తిరుగుతుంటే నా చెల్లెలి గోడకి చిన్నది ఉండేదేంది' అని, అన్నిట్లోకీ పెద్దది పంపిచ్చాడు. దాన్ని మొయ్యటానికి ఇద్దరు మనుషులు. ఏడుకొండలు అన్నాడంట, 'చార్జర్ల సంగతి షాపోణ్ణి నాకు తెలుస్తదా, వడ్లు మరపట్టేవాడికి తెలుస్తదా' అని, తను ఒకటి పంపిచ్చాడు. నున్నగా, పలకలాగుంది, సెల్లుఫోన్లోనే ఎంత ఎక్కిందో చూసుకోవచ్చంట. రెండూ ఒక్కరోజే దిగినయ్యి. అన్న ఫోన్లో, 'అమ్మాయ్, నాది గోడకెక్కితేనే మీ ఇంటికొస్తా' అన్నాడు. తమ్ముడు ఫోన్లో, 'అక్కా, ఆ మిల్లోళ్ల పెట్టె పెట్టావంటే నీకు తమ్ముడు లేడనుకో' అన్నాడు. నాంచారమ్మ పని అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

పానకాలు ఏంజేశాడంటే, ఊళ్లో కరెంటు పని చేసే మస్తాన్ని పిలిచాడు. మస్తాను రెండు పెట్టెలూ చూశాడు, మీటరు చూశాడు, కారు కాయితం చూశాడు. 'మావా, మీ ఇంటికొచ్చేది ఒంటి ఫేజు. మీ పెద్ద బావది ఈడ నడవదు. మీ బావమరిదిది నడుస్తదిగానీ, మీటరు మీద లోడు పెంచమని ఆఫీసులో అర్జీ పెట్టుకోవాల. ఇంత పీకులాట ఎందుకు? నీ కారు మూతి చిన్నది. ఎంత పెద్ద పెట్టె పెట్టినా అది తాగేది అంతే తాగుద్ది. ఇంతకీ రోజుకి ఎంత దూరం తిరుగుతావు?' అన్నాడు. 'నాలుగూళ్లు తిరిగి పొద్దుగూకేసరికి ఇంటికొస్తాగదరా' అన్నాడు పానకాలు. 'అయితే అత్త గ్రైండరు ప్లగ్గు చాలు. ఎర్తు బాగుంది, తీగె లావుది ఏశాను నేనే. రాత్రి గుచ్చి పడుకో, తెల్లారేసరికి నిండుద్ది' అన్నాడు. పానకాలికి ఆ క్షణానే అర్థమైంది. ఎందుకర్థం గాదు, ఆయన బతుకంతా చెప్పే మాటే గదా అది! చెయ్యి చూసి గాజు. అర్థమైందిగానీ బావలకి చెప్పే ధైర్యం యాడిది? ఆడోళ్ల చేతులు ఎన్నో పట్టుకున్నాడుగానీ, మగోడి మీసం ఎదురుగా నిలబడి మాట చెప్పటం ఆయనకి రాదు.

అందుకని ఏం తెలివిచేశాడో వినండి. గోడకి కుడిపక్క పెద్ద పెట్టె, ఎడంపక్క పలక పెట్టె, రెండూ బిగిచ్చాడు. రెంటికీ కరెంటు లేదు. ఉత్తుత్తి స్విచ్చిలు మాత్రం పెట్టాడు. రెంటి మధ్యన ఒక గోతం పట్టా ఏలాడదీశాడు. కారు వైరు ఆ పట్టా ఎనక్కి పోద్ది. కుడికి పోయిందో ఎడమకి పోయిందో చూసేవాడికి తెలవదు. నిజానికి అది కిటికీలోంచి పంచలో గ్రైండరు ప్లగ్గుకి పోతంది. ఇంకేముంది, రాఘవులు వస్తే పలక పెట్టె మీద తువ్వాలు ఆరేసేవాడు. 'మీదే బావగారూ, మీ కరెంటుతోనే తిరుగుతన్నా' అనేవాడు. ఏడుకొండలు వస్తే పెద్ద పెట్టె మీద దుప్పటి ఆరేసేవాడు. 'మరి నా సెల్లులో కనపట్టంలేదేంది బావా' అని వాడడిగితే, 'మా ఊళ్లో సిగ్నలు అంతంతమాత్రంరా' అనేవాడు. నాంచారమ్మ చూసీ చూసీ, 'ఎన్నాళ్లు ఆరేస్తావయ్యా ఈ గుడ్డలు? ఏదో ఒకనాడు ఇద్దరూ ఒక్కసారే వస్తారు' అన్నదంట. 'మాటాడని మనుషులు ఒక్కసారే ఎట్టా వస్తారే' అని ఈయన ధీమా.

ఎట్టా వచ్చారంటే, ఆమే పిలిచింది. శ్రీమంతం రేపనంగా, అన్నకి ఫోన్ చేసి 'గాజుల పెట్టె చూసుకుందువు రా' అన్నది. తమ్ముడికి ఫోన్ చేసి 'గారెలు చేస్తన్నా, తినిపో' అన్నది. ఒకరి సంగతి ఒకరికి చెప్పలా. పొద్దున్నే ఇద్దరి బండ్లూ వాకిట్లో ఎదురెదురుగా ఆగినయ్యి. పానకాలు చేతిలో తువ్వాలుంది, ఏ పెట్టె మీద ఎయ్యాలో తెలవక మెడలో ఏసుకున్నాడు. ఇద్దరూ గోడవైపు చూశారు. రెండు పెట్టెలు. మధ్యన కారు, ముక్కు దగ్గర పచ్చలైటు టిక్కుటిక్కుమంటంది. కరెంటు ఎక్కుతందన్నమాట.

రాఘవులు తమ్ముడితో మాటాడడు గదా, గోడతో మాటాడినట్టు అన్నాడంట, 'మన పెట్టె పని చేస్తంది, పక్కన పలక సింగారానికి పెట్టుకున్నారు గావాల.' ఏడుకొండలు కారుతో మాటాడినట్టు అన్నాడు, 'కొన్ని పెట్టెలు మిల్లులకి పనికొస్తయ్యి, కార్లకి కాదు. కావాలంటే ఆ పెద్దదాన్ని ఆపి చూడమనండి, లైటు ఎలుగుతానే ఉంటది.' రాఘవులు మీసం లేచింది. 'ఆపుతా. ఆరిపోద్ది చూడు' అని ఇసురుగా పోయి తన స్విచ్చి తనే ఆపాడు. లైటు ఎలుగుతానే ఉంది. ఏడుకొండలు చప్పట్లు కొట్టాడు. 'అయితే నీది ఆపురా చూద్దాం' అన్నాడు రాఘవులు. కోపంలో 'రా' అని పిలిచాడు చూశారా, అది మొదటి మాట. ఏడుకొండలు నవ్వుకుంటా పోయి తన స్విచ్చి ఆపాడు. లైటు ఎలుగుతానే ఉంది. రెండూ ఆపేశారు, కారు మాత్రం టిక్కుటిక్కుమని తాగుతానే ఉంది. ఇద్దరూ ముందుకి పోయి ఒంగి చూశారు, ఎనక్కి పోయి ఒంగి చూశారు. పానకాలు పక్కనే ఉన్నాడు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని.

అప్పుడు పంచలోంచి నాంచారమ్మ కేకేసింది. 'ఏమయ్యో, మినప్పప్పు నానింది. గారెలకి పిండెయ్యాల, కారుని పీకుతన్నా' అని. పీకింది. కారు లైటు ఆరిపోయింది. లోపల గ్రైండరు గరగరమని మొదలెట్టింది. కావాలనే పీకిందో, పప్పు కోసమే పీకిందో నేను చెప్పను, మీరు ఆడోళ్లేగదా, మీకు తెలవదా?

అన్నాతమ్ముళ్లు గోతం పట్టా ఎత్తి చూశారు. వైరెంట పోయారు. కిటికీ కాడికి పోయి లోపలికి చూస్తే, కారు ప్లగ్గు నేలమీద పడుంది, దాని స్థానంలో గ్రైండరు ప్లగ్గు. ఇంక చూడాల రాఘవుల్ని. 'ఏంది బావా, ఇన్నాళ్లూ నన్ను ఎర్రోణ్ణి చేశావా? నా కరెంటుతో తిరుగుతన్నానంటివే' అని మీదికొచ్చాడు. పానకాలు, 'అదిగాదు బావగారూ, దాని మూతి చిన్నది, చేతికి పట్టే గాజు' అంటా ఎనక్కి జరుగుతన్నాడు. అప్పుడు ఏడుకొండలు ముందుకొచ్చాడు. 'ఏంది బావా నువ్వు? నన్నంటే చేశావు, నేను చిన్నోణ్ణి. మా అన్నని ఎర్రోణ్ణి చేస్తావా? ఊళ్లో అంత పరువున్న మనిషిని?' అన్నాడు.

మా అన్న. ఆ మాట కిటికీలోంచి లోపలికి పోయింది. నాంచారమ్మ పిండి కలియబెడతా ఉన్నదల్లా గ్రైండరు కట్టేసింది. ఎన్ని ఏళ్లైందమ్మా ఆ మాట ఇని. పిండి చేత్తోనే కళ్లు తుడుచుకుంది, మొహమంతా తెల్లగా అయింది. సంతోషం అట్టా ఉంటది, ఆపుకుందామన్నా ఆగదు. బయట ఆ మాట అన్నోడికీ, ఇన్నోడికీ ఒకేసారి తెలిసింది ఏం జరిగిందో. రాఘవులు తమ్ముడి వైపు తిరిగాడు. 'సరేలేరా. నీ పలకా గెలవలా, నా పెట్టే గెలవలా. ఓడితే ఇద్దరం ఓడాం, అదీ గ్రైండరు చేతిలో' అన్నాడు. అని నవ్వాడు. ఏడుకొండలు నవ్వాడు. పానకాలు నవ్వబోతే మాత్రం ఇద్దరూ కలిసి, 'నువ్వు నవ్వమాక' అన్నారంట.

గారెలు తిన్నారు, ఒకే బంతిలో, పక్కపక్కన. గారెల ఎనక అన్నం పెట్టింది. పప్పేసింది. నెయ్యి కాడికొచ్చేసరికి నాంచారమ్మ ఏం చేసిందనుకున్నారు? రెండు చేతుల్లో రెండు గిన్నెలు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడి, ఇద్దరికీ ఒకే తడవ పోసింది. ఒకరి చుక్క ముందు పడకుండా పోసిందంట. పానకాలు ఇస్తట్లో మాత్రం నెయ్యి లేదు, అడిగే మొహమూ లేదు. తెల్లారి ఆ కారులోనే అందరూ శ్రీమంతానికి పోయారు. ముందు సీట్లో అన్న, ఎనక తమ్ముడు, వాడి ఒళ్లో గాజుల పెట్టె. దారంతా, 'నిదానం బావా, గుంత, గుంత' అని అన్నాతమ్ముళ్లిద్దరూ ఒకటే అరుపు. ఒక్క గాజు పగల్లేదు. కడుపుతో ఉన్న పిల్ల చేతులకి బాబాయే ముందు గాజు తొడిగాడంట, అది వాళ్ల నాన్న చెప్పి తొడిగిచ్చాడు.

అదమ్మా సంగతి. పెద్ద పెట్టె మళ్లీ మిల్లుకి పోయింది. పలక పెట్టె షాపుకి పోయి, తగిన కారున్న వాళ్లెవరో కొనుక్కున్నారు. పానకాలు గోడకి మేకుల బొక్కలు మిగిలినయ్యి, వాటిల్లో మేకులు కొట్టి గాజుల దండలు తగిలిస్తన్నాడు ఇప్పుడు. నన్నడిగితే, ఇద్దరు కొట్లాడుకునేకాడ ఒకళ్లు గెలిచారా, ఆ కొట్లాట పిల్లల కాలందాకా పోద్ది. ఇద్దరూ ఓడాల, ఇంట్లో ఆడమనిషి పప్పు నానబోసుకుని చూస్తండాల. మీరంతా నవ్వుతా కూకున్నారు, నా కుప్ప మీ కుప్పలకన్నా పెద్దదైంది చూశారా? కథ చెప్పిందీ నేనే, కాయలు బాగుచేసిందీ నేనే. ఇంక నోళ్లు కట్టేసి ముచ్చికలు తియ్యండి.