తొంభై రోజుల రూలు

సికింద్రాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసు, రెండు వేల రెండో సంవత్సరం. ఉద్యోగుల వివరాలన్నీ డైరెక్టరీ సర్వర్ అనే ఒక్క డబ్బాలోకి ఎక్కించారు, మనిషికో పేజీ. ఎవరి పేజీ ఎవరు తెరవొచ్చో, ఎవరు తెరవకూడదో పరీక్షించడానికి కంపెనీ పంపిన మనిషి రాఘవేందర్, వచ్చి వారమైంది. పరీక్షల జాబితా చదివి, ఒక్కో లైనుకు ఫలితం కాగితం మీద రాయడానికి పక్కన కూర్చోబెట్టిన గుమాస్తా సత్యవేణి, చేరి నాలుగు నెలలు. భోజనాలయ్యాయి.

"రెండో లైనుకు ఏమొచ్చింది మేడమ్?"

"నా లాగిన్‌తో ఆఫీసర్ గారి పేజీ తెరుచుకోలేదండి. అనుమతి లేదంది."

"గదే కావాలె. పాస్ అని రాయుండ్రి. మూడోది సదువుండ్రి."

"ఉద్యోగంలో లేనివారు లోపలికి రాకూడదు."

"రిటైరైనోళ్లు, పోయినోళ్లు. వాళ్ల లాగిన్ నడవొద్దన్నట్టు. ఒక పేరు కావాలె. ఆగుండ్రి. రమణబాబు. గీయన పోయిండంట కదా, ఏడాదాయె."

"బ్రహ్మచారి గారిని తీసుకోండి, రాఘవేందర్ గారూ. ఆయన రిటైరయ్యారు."

"రమణబాబే పైన కనబడుతున్నడు."

"బ్రహ్మచారి గారిది సులువండి."

"ఏం సులువు? పేరు కొట్టుడే కద. ఏందీ గిది?"

"ఏటండి?"

"లాగిన్ల లెక్క చూడుండ్రి. ఈయన ఇయ్యాల పొద్దున తొమ్మిది నలభైకి లోపలికొచ్చిండు. నిన్న సుత. మొన్న సుత. ఒక్క ఆదివారాలే లేడు. పోయిన మనిషి రోజూ డ్యూటీకొస్తున్నడా?"

"నాలుగో లైను చదవనా?"

"నాలుగోది తర్వాత. ఎవలో ఆయన పాస్‌వర్డ్ పట్టుకొని తిరుగుతున్నరు. ఏ మిషన్ నుంచో చూస్తా, జెర ఆగుండ్రి. పదిహేడో నంబర్. పదిహేడు ఎవలది?"

"నాదండి."

"మీరు రాకముందు మీ సీట్ల ఎవలన్న కూసుంటున్నరా?"

"ఎవరూ కూర్చోరండి. నేనే."

"మీరా?"

"వచ్చీగానే ఓసారి తెరిచి మూసీస్తాను. ఏటీ ముట్టుకోను."

"ఆయన మీకేమైతడు?"

"ఆయన పోతేనే నాకీ ఉద్యోగం ఇచ్చారండి."

"అంటే..."

"అంతేనండి, మా ఆయనే. సీటు కూడా ఆయనదే ఇచ్చారు. కీబోర్డు కింద చీటీ అంటించి ఉంది, పాస్‌వర్డు. ఆయన రాతే."

"నాకు తెల్వది మేడమ్. తెలిస్తే ఆ పేరు తియ్యకపోతుంటి."

"మీ తప్పేటుంది."

"ఎట్ల పోయిండు? యాక్సిడెంటా?"

"పోయారండి. మూడో లైన్లో ఏం రాయమంటారు?"

"ఇప్పుడే రాయకుండ్రి. రోజూ తెరుసుడెందుకు గని?"

"నేను చేరిన వారమే నోటీసు బోర్డు మీద పెట్టారు కదండి. తొంభై రోజులు ఎవరూ తెరవకపోతే పేజీ దానంతటదే పోద్దని. అందుకని."

"పోతే ఏమైతది?"

"అందులో ఆయన ఫొటో ఉంది. గళ్ల చొక్కా."

"ఫొటోనే కద. ఫ్లాపీల ఎక్కించిస్తా, ఇంటికి పట్కపోండ్రి."

"ఇంటికి తీసికెళ్తే మా అత్తగారు దానికీ దండ వేసీస్తారు. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లో దండ లేని ఫొటో ఒక్కటి లేదండి. ఇందులో లేదు. కింద 'పనిలో ఉన్నారు' అని కూడా ఉంటాది. ఎవరూ మార్చలేదు."

"మేడమ్, ఒక మాట చెప్త. పరేషాన్ కావొద్దు."

"చెప్పండి."

"ఆ తొంభై దినాల రూలు ఇంక షురూనే కాలే. నోటీసు అంటించిండ్రు గని సర్వర్ల పెట్టలే. బ్రహ్మచారి పేజీ చూసిన, ఆయన రిటైరై ఆర్నెల్లాయె, ఒక్కనాడు ఎవలూ తెరువలే. అట్లనే ఉన్నది."

"నేను తెరవకపోయినా ఉండేదా?"

"ఉంటుండె."

"మరి మీకు ఆయన పేరే ఎలా దొరికిందండి?"

"ఈ మధ్యల లాగినైనోళ్ల పేర్లు పైకొస్తయి."

"నేను తెరవబట్టి."

"అట్లనే అనుకోండ్రి."

"సరేనండి."

"మంచినీళ్లు తాగుతరా?"

"వద్దండి. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఫెయిల్ అని రాస్తే ఏ మిషన్ అని మీ ఆఫీసర్ అడుగుతడు. పదిహేడని చెప్పాలె. మీదింకా ప్రొబేషన్."

"బ్రహ్మచారి గారి పేరు రాసీకూడదా?"

"రాయొచ్చు. రేపు ఆఫీసరే కూసొని లెక్కంత చూస్తనన్నడు. పైననే కనబడతది."

"ఉద్యోగం తీసీస్తారా?"

"తీసేస్తరు. పోయినోళ్ల పాస్‌వర్డ్ వాడుడు చిన్న ముచ్చట కాదు."

"ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలండి. నా జీతమే."

"ఇంకో తొవ్వ ఉన్నది. ఆయన పేజీ తీసేస్తే లాగిన్ల లెక్క సుత దాంతోటే పోతది. ఇగ ఆయన పేరు కొడితే లోపలికి రానియ్యదు. మూడో లైను పాస్. మీ పేరు యాడ రాదు."

"తీసీస్తే మళ్లీ రాదు కదా?"

"రాదు మేడమ్."

"ఫొటో కూడా?"

"అన్ని. ఫ్లాపీల ఎక్కియ్యాల్నా?"

"వద్దండి. ఓసారి తెరవనా?"

"తెరువుండ్రి. కావల్సినంత సేపు చూడుండ్రి."

"చాలండి. చూసీసాను."

"మీరు బయటికి పోయి చాయ్ తాగి రాండ్రి. నేను నొక్కుతా. మీరు చూసుడెందుకు."

"మీరొద్దు. ఏ బటనో చెప్పండి, నేనే నొక్కుతాను."

"మీతోని కాదు మేడమ్."

"అవుద్దండి. ఆసుపత్రిలో గొట్టాలు తీసీడానికి కూడా సంతకం నాచేతే పెట్టించారు."